గట్టున పెట్టిన ఒట్టు

కెరేతారో
1848, మే నెలాఖరు

అక్కా,

యుద్ధం ఆపే ఒప్పందానికి ఓటు పడిపోయింది. ఈ మాట నీకు నా చేత్తో రాయాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

రాజధానిలో అమెరికా సిపాయిలు ఇంకా తిష్ట వేసి ఉండడంతో ప్రజాసభని ఈ ఊరికి మార్చారు. సభ వెంట నకళ్ళు రాసే మేమూ వచ్చాం. ఒక ఇరుకు హాల్లో కూర్చుని మా వాళ్ళు సగం దేశాన్ని రాసిచ్చేశారు. టెక్సాస్ ఎలాగూ ఎప్పుడో చెయ్యిజారింది. ఇప్పుడు కాలిఫోర్నియా పోయింది, మన నూవో మెక్సికో పోయింది. ఒక ముసలి సభ్యుడు ఒప్పుకుంటున్నానని చెయ్యెత్తి, బయటికొచ్చి గోడకి తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే నావైపు తిరిగి, "బాబూ, ఇవాళ భోజనాలు ఎక్కడ పెడుతున్నారు?" అని అడిగాడు. నవ్వాలో కొట్టాలో తెలియలేదు.

అసలు సంగతి విను. మీ దగ్గర పెద్దనదికి తూర్పు గట్టంతా ఇక వాళ్ళది. దోన్యా ఆనా తూర్పు గట్టునే ఉంది. అంటే మీ ఇల్లు, పొలం, చర్చి అన్నీ. అయితే ఒక ఏడాది గడువిచ్చారు. ఈలోపు అధికారి ముందుకెళ్ళి "మేం మెక్సికో వాళ్ళమే" అని చెప్పుకున్నవాళ్ళు మెక్సికో వాళ్ళుగానే ఉంటారు. చెప్పుకోకుండా ఊరుకున్నవాళ్ళు అమెరికా వాళ్ళయిపోతారు. ఎవరూ సంతకం అడగరు. ఊరుకుంటే చాలు, అయిపోయినట్టే. మౌనం అర్ధాంగీకారం అని మన పెద్దలంటారు. వీళ్ళు ఆ అర్ధం కూడా కొట్టేశారు.

నాన్నకి నెమ్మదిగా చెప్పు. గడువు అయ్యేదాకా ఆగొద్దు. నది దాటి ఇవతలికి వచ్చేయండి. ఇవతలికి వచ్చే కుటుంబాలకి పడమటి గట్టున పొలాలు ఇచ్చే ఏర్పాటు ఏదో జరుగుతోందని విన్నాను. బావకి నా మాటగా చెప్పు.

నీ తమ్ముడు
సిప్రియానో


దోన్యా ఆనా
1848, సెప్టెంబరు

ఒరే సిప్రియానో,

నీ ఉత్తరం చివావా నుంచి కంచరగాడిదల వాళ్ళ మూటల్లో ఊరేగి వచ్చింది. మిరపకాయల వాసన కొడుతోంది. నాన్నకి నెమ్మదిగా చెప్పమన్నావు. నాన్నకి నెమ్మదిగా ఏదైనా చెప్పగలమా? చూపు మందగించింది గానీ చెవులు పాము చెవులు. నేను వంటింట్లో చిన్నగా చదువుకుంటుంటే మంచం మీంచే, "ఆ ముసలాడికి భోజనం పెట్టారా లేదా?" అని అరిచాడు. అంతా వినేశాడు.

సాయంత్రం తన కుడిచెయ్యి చూసుకుంటూ లెక్క మొదలుపెట్టాడు. నీకు గుర్తుందా, మనం ఎల్ పాసోలో ఉన్న రోజుల్లో ఊరి పెద్దగా రాజ్యాంగం మారినప్పుడల్లా పూజ అయ్యాక సువార్త గ్రంథం మీద ఆ చెయ్యే పెట్టి ఒట్టు వేసేవాడు, వెనక ఊరంతా వేసేది, గంటలు మోగేవి. ఇరవైనాలుగులో ఒకటి. ముప్పైయారులో దాన్ని తీసేసి ఇంకొకటి. నలభైమూడులో అదీ తీసేసి మరొకటి. నలభైయారులో మళ్ళీ మొదటిదే తెచ్చి ఒట్టు వెయ్యమని కబురు పంపితే, "దానికి ఒకసారి వేశాను, ఆ ఒట్టు ఇంకా పాడవలేదు పొండి" అని పంపేశాడు. అదంతా చెప్పుకుని నవ్వి, ఆఖర్న ఒక మాటన్నాడు.

"ఒట్టు తీసి గట్టున పెట్టడం మన సర్కారుకి అలవాటు తల్లీ, నాకు కాదు. నది దాటుదాం."

మీ బావ సంగతి చెప్పనా? లాసరో అంతా విని, కాళ్ళు కడుక్కుంటూ, "ఈ ఊరి కాలువ తవ్వింది నేనా, సర్కారా?" అని అడిగాడు. "నువ్వే" అన్నాను. "మరి నది దాటితే కాలువ నాతో వస్తుందా?" అన్నాడు. జవాబు నువ్వు చెప్పు, రాతగాడివి కదా.

ఒక్కటి మాత్రం తేల్చి రాయి. ఇవాళ ఈ గట్టు అమ్మినవాళ్ళు రేపు ఆ గట్టు అమ్మరని ఏమిటి నమ్మకం? ఇల్లు వదులుకోమంటున్నావు, ఆడదాన్ని కాబట్టి అడుగుతున్నాను.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం లేదు చూశావా. "ఉత్తరంలో 'అందరం క్షేమం' అని ఉందంటే ఆ ఇంట్లో ఏదో తగలబడుతోందని అర్థం" అని నాన్న మనకి చిన్నప్పుడే నేర్పాడు కదా. కాబట్టి నిజం రాస్తున్నాను. నాన్నకి దగ్గు. నాకు నడుంనొప్పి. మేకలు మాత్రం దివ్యంగా ఉన్నాయి.

నీ అక్క
రొమానా


మెక్సికో నగరం
1848, డిసెంబరు

అక్కా,

సభ మళ్ళీ రాజధానికి వచ్చింది, నేనూ వచ్చాను. వీధుల్లో గుర్రపు లద్దె ఇంకా కడుగుతున్నారు.

నువ్వు తేల్చి రాయమన్నావు, రాస్తున్నాను. ఆ గట్టు పోదు. ఎందుకంటే రాజ్యాంగం మళ్ళీ నిలబడింది. నాన్న ఒట్టేసిన మొదటిదే. దాని ప్రకారం ప్రజాసభ ఒప్పుకోకుండా ఒక్క జానెడు నేల కూడా ఎవడూ ఎవడికీ ఇవ్వలేడు. కెరేతారోలో ఒకసారి ఓటేసి వాళ్ళు ఎంత సిగ్గుపడ్డారో నేను చూశాను. రెండోసారి ఆ పాపం ఎవరూ నెత్తిన వేసుకోరు. నేను రోజూ ఆ గదుల్లోనే ఉంటున్నాను. ఆ కాగితాలు నా చేతి మీదుగానే పోతాయి. అలాంటిది ఏదైనా కదిలితే అందరికన్నా ముందు నాకే తెలుస్తుంది, నాకు తెలిస్తే నీకు తెలిసినట్టే.

ఇది నా ఒట్టు. నాన్న ఒట్టు లాంటిదే అనుకో.

బావకి చెప్పు: కాలువ ఎక్కడైనా తవ్వుకోవచ్చు. దేశాన్ని తవ్వుకోలేం.

సిప్రియానో


దోన్యా ఆనా
1849, మార్చి

తమ్ముడూ,

కూర్చుని చదువు.

నాన్న పోయాడు. దగ్గు గుండెల్లోకి దిగింది. చివరి వారం మంచం మీంచే అధికారి దగ్గరికి తీసుకెళ్ళమని ఒకటే గొడవ. "నోరు విప్పి చెప్పాలిటగా, నోరు పనిచేస్తుండగానే తీసుకెళ్ళండి" అనేవాడు. బండి కట్టించాను. దారిలో మంచు పట్టింది, వెనక్కి తెచ్చాం. మర్నాడు మాట పడిపోయింది. కుడిచెయ్యి మాత్రం దుప్పటి మీద బోర్లా పెట్టుకుని, అక్కడేదో పుస్తకం ఉన్నట్టే ఉంచుకున్నాడు. ఫాదరీగారు వచ్చేసరికి అలాగే ఉంది.

మాట పడిపోకముందు నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు. "నన్ను వీళ్ళ మట్టిలో వదలకు రొమానా." సరే అన్నాను. ఒట్టు వేయించుకున్నాడు. మన వంశంలో ఒట్టు అంటే ఆటలా?

నీ ఉత్తరం ఆయన పోయాక వచ్చింది. ఉన్నప్పుడే వస్తే "చూశావా, నా ఒట్టు ఇంకా చెల్లుతోంది" అని మీసం దువ్వుకునేవాడు.

ఇప్పటికి ఇక్కడి చర్చి పక్కనే పెట్టాం. ఆ నేల వాళ్ళదైపోయింది. నేను మాత్రం అధికారి ముందు నిలబడి మెక్సికో మనిషినని చెప్పి వచ్చాను. ఆడమనిషి ఒక్కతే వచ్చిందేమిటని అక్కడున్నవాళ్ళు నవ్వారు. మీ బావకి ఆ రోజు పొలానికి నీళ్ళు పెట్టే వంతు.

రొమానా


మెసిల్యా
1850, మే

చిరంజీవి సిప్రియానోకు అక్క దీవించి రాయునది.

పై ఊరి పేరు చూశావా? నది దాటేశాం. పడమటి గట్టు. ఇంకా ఊరనడానికి ఏమీ లేదు, ఇసుకా ముళ్ళచెట్లూనూ. కొమ్మలు పాతి మట్టి మెత్తిన గుడిసెలు. కానీ నడిమధ్యన కర్రకి మన జెండా కట్టారు. పొలాలు పంచేటప్పుడు అందరి చేతా దానికింద ఒట్టు వేయించారు. నాన్న చెయ్యి గుర్తొచ్చింది.

నాన్నని తెచ్చాను.

ఫాదరీగారు ముందు కుదరదన్నారు. తర్వాత మా వెనక ఇంకో రెండు కుటుంబాల వాళ్ళు తమ వాళ్ళనీ తవ్వి తీసుకుపోతామనేసరికి, "తీసుకుపొండి, దేవుడికి రెండు గట్లూ ఒకటే, మీకే తేడా" అని ఒప్పుకున్నారు. మీ బావే తవ్వాడు. ఇంకెవరినీ పార ముట్టుకోనివ్వలేదు. ఎండు నేల కదా, ఎముకలే ఉంటాయనుకున్నాం. అలా లేదురా. నాన్న నాన్నలాగే ఉన్నాడు, కొంచెం చిన్నవాడయ్యాడంతే. మీసం ఉంది. మీ బావ నన్ను అవతలికి తిరగమని, తన కొత్త దుప్పటిలో ఆయన్ని చుట్టాడు. పెళ్ళినాటి నుంచి పెట్టెలో దాచుకున్న దుప్పటి అది. ఏమీ అనకుండా చుట్టాడు.

బండి నది గట్టు దాకా తోలాడు. నీళ్ళు తక్కువ. పడవలో ఇవతలికి తెచ్చి, ఊళ్ళో అందరికన్నా ముందు నాన్నకే చోటు చూశాం. ఈ కొత్త శ్మశానంలో మొట్టమొదటివాడు మన నాన్నే. అక్కడా ఊరి పెద్దే అయ్యాడు.

మీ బావ పొలం పనుల్లో తీరిక లేకుండా ఉన్నాడు. తర్వాత రాస్తాడులే.

ఇక్కడ అందరం క్షేమం.

రొమానా


మెక్సికో నగరం
1850, సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరం చదివి ఆఫీసులో అందరి ముందూ ఏడ్చాను, పక్కవాడు నాకేదో పెద్ద జబ్బనుకుని నీళ్ళు తెచ్చిచ్చాడు. నాన్న నేల మారింది. నాకింకేం కావాలి! బావ కొత్త దుప్పటి ఇచ్చాడంటే ఆయన మనసు ఎలాంటిదో ఇప్పటికి తెలిసింది. ఆయన్ని ఊరికే మొండివాడనుకునేవాణ్ణి. ఆయన చేత రెండు ముక్కలు రాయించు. రాయడం రాకపోతే నువ్వు రాసి వేలిముద్ర వేయించు, అదే పదివేలు.

ఈ పొలానికి కాలువ ఆయనే తవ్వుతున్నాడా?

సిప్రియానో


మెసిల్యా
1852, ఆగస్టు

తమ్ముడూ,

చాలా రోజులకి రాస్తున్నానని కోప్పడకు. ఇప్పుడు ఊరంటే ఊరే. చర్చికి పచ్చి ఇటుకల గోడలు లేచాయి. మొక్కజొన్న బాగా పండింది. కాలువ అందరం కలిసి తవ్వాం, ఆడవాళ్ళమూ మట్టి మోశాం.

హద్దులు కొలిచేవాళ్ళు ఈ మధ్య తెగ తిరుగుతున్నారు. గొట్టాల్లోంచి నక్షత్రాలు చూస్తారు, పొద్దున్నే పోట్లాడుకుంటారు. సంగతేమిటంటే ఒప్పందానికి వాడిన పటమే తప్పుట. పటంలో ఎల్ పాసో ఉన్న చోట నిజంగా ఎల్ పాసో లేదుట! పుట్టి పెరిగిన ఊరు, నువ్వూ నేనూ ద్రాక్షపళ్ళు దొంగిలించిన ఊరు, అది ఉన్నచోట లేదంటే ఏం చెప్పాలి? పటం ప్రకారం పోతే మెసిల్యా వాళ్ళదిట, నేల ప్రకారం పోతే మనదిట. మన వాళ్ళూ వాళ్ళూ కూర్చుని మనదేనని ఒక మాటకి వచ్చారు. ఇప్పుడు వాళ్ళ పెద్దలు అది చెల్లదంటున్నారు. అవతలి గట్టున వాళ్ళ కోట కట్టారు. బాకా ఊదితే ఇక్కడికి వినిపిస్తుంది.

నీ ఒట్టు గుర్తుందిగా? ఏదైనా కదిలితే అందరికన్నా ముందు నీకు తెలుస్తుందన్నావు. ఏమైనా కదులుతోందా?

బావ సంగతి మళ్ళీ అడిగావు. ఆయన రాసే రకం కాదు, నీకు తెలుసుగా.

రొమానా


మెక్సికో నగరం
1853, మే

అక్కా,

నీకు జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఇక్కడ కొన్ని మార్పులు జరిగాయి. పాత అధ్యక్షుణ్ణే మళ్ళీ పిలిపించారు. ఎన్నిసార్లు తరిమేసినా అన్నిసార్లూ పూలదండలతోనే తిరిగొస్తాడు. ఊరంతా గంటలు మోగాయి. ఇప్పుడు ఏ రాజ్యాంగమూ లేదు. కొత్తది రాసేదాకా ఆయన మాటే రాజ్యాంగం. ప్రజాసభకి తాళం వేశారు.

అంతమాత్రాన నువ్వు కంగారుపడకు. నన్ను రోడ్డున పడెయ్యలేదు, ఒక మంత్రి కచేరీలో రాతపనికి వేశారు. దస్తూరీ బాగుంటుందని. ఎవరి చేతా ఏ ఒట్టూ వేయించలేదు ఈసారి. వెయ్యడానికి పుస్తకం ఉంటే కదా!

నేల సంగతి ఏదీ నా చెవిన పడలేదు. పడితే రాస్తాను.

సిప్రియానో


మెసిల్యా
1853, నవంబరు

సిప్రియానో,

ప్రజాసభకి తాళం వేశారని ఎంత మామూలుగా రాశావురా! "సభ ఒప్పుకోకుండా జానెడు నేల కూడా పోదు" అని నువ్వు రాసిన ఉత్తరం నా పెట్టెలోనే ఉంది. సభే లేకపోతే ఇక ఒప్పుకోవాల్సింది ఎవరు? నేను చదువుకున్నదాన్ని కాను, ఈ మాత్రం నాకూ అర్థమవుతుంది.

ఊళ్ళో రోజుకో పుకారు. అమ్మేస్తున్నారంటారు. లేదు యుద్ధం అంటారు. మా పక్కింటి అవిలా ముసలావిడ సామాను మూటకట్టి గుమ్మంలో పెట్టుకుని దాని మీదే కూర్చుని చిక్కుడుగింజలు ఒలుస్తోంది. "ఎటు పోతావమ్మా?" అంటే, "వాళ్ళు గీత ఎటు గీస్తే అటు నుంచి ఇటు" అంటుంది.

నిజం చెప్పమని నిన్ను అడిగే ముందు నేను ఒక నిజం చెప్పాలి. మూడేళ్ళ క్రితం ఉత్తరంలో 'అందరం క్షేమం' అని రాశాను. నువ్వు గమనించలేదు. నాన్న అయితే ఆ ఒక్క ముక్క చదివి గుర్రం ఎక్కేవాడు.

మీ బావ బండి గట్టు దాకా తోలాడని రాశాను కదా. గట్టు దాకానే తోలాడు. పడవలో నాన్నని ఎక్కించి, నన్ను చెయ్యి పట్టి ఎక్కించి, తను ఎక్కలేదు. నేను దిగి వస్తాననుకున్నాడు. ఆయన ఎక్కుతాడని నేననుకున్నాను. పడవవాడు, "అయ్యా, అమ్మా, పొద్దుపోతోంది" అన్నాడు. మేమిద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు. అంతకుముందు గడువున్న ఏడాది పొడుగునా ఆయన అధికారి దగ్గరికీ పోలేదు, పోనని కూడా అనలేదు. ఊరుకున్నాడంతే. నువ్వు రాసినట్టే, ఊరుకుని అమెరికా వాడైపోయాడు.

ఆయన మంచివాడురా. ఆ కాలువని వదల్లేకపోయాడు. నేను నాన్నని వదల్లేకపోయాను. పిల్లలుంటే ఎవరో ఒకరు దిగేవాళ్ళమేమో. నీ ఒట్టు నమ్మాను కాబట్టి, ఎప్పటికైనా ఆయనే వస్తాడనుకున్నాను. ఈ గట్టు నిలిస్తే వస్తాడు.

అందుకే అడుగుతున్నాను. నా కాపురం అడుగుతోందనుకో. అమ్ముతున్నారా, లేదా? ఒక్క ముక్క రాయి.

అక్క


మెక్సికో నగరం
1854, ఫిబ్రవరి

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం అందింది. బావ సంగతి చదివి చాలా బాధపడ్డాను. ఈ ఏడు ఇక్కడ చలి ఎక్కువ. ఆఫీసులో పని బాగా ఉంది, చేతివేళ్ళు వాచాయి. పుకార్లు నమ్మకు. ఆరోగ్యం జాగ్రత్త.

ఇక్కడ అందరం క్షేమం.

సిప్రియానో


మెసిల్యా
1854, నవంబరు

సిప్రియానో,

నీ ఆఖరి ఉత్తరంలో చివరి వాక్యం చదివినప్పుడే నాకు తెలిసిపోయింది. అప్పుడే నాన్న దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఊళ్ళో ఇంకెవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పను, మా తమ్ముడే ఆ అమ్మకం కాగితం నకలు రాశాడనా? నువ్వే రాశావో, నీ పక్కవాడు రాశాడో నాకు తెలియదు. వేళ్ళు వాచాయన్నావు. చాలా పెద్ద కాగితమే అయ్యుంటుంది.

ఈ నెలలో వాళ్ళు వచ్చారు. అవతలి కోట నుంచి సిపాయిలు నది దాటి, మన కర్రకున్న జెండా దించి వాళ్ళది ఎక్కించారు. బాకాలు ఊదారు. ఒక కాగితం చదివారు. దుబాసీ చెప్పాడు, ఈ నేల కొనుక్కున్నారట. మనుషులం కూడా అందులోనే వచ్చామట, పొలంతో పాటు మేకల్లాగా. ఎవరూ అరవలేదు, రాళ్ళు వెయ్యలేదు. అవిలా ముసలావిడ తన మూట మీంచి లేచి, "ఈసారి నేను మూట కట్టను, వాళ్ళే వచ్చి గీత జరుపుకుంటారు" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే.

తర్వాత సంగతి రాయకపోయినా పోయేది. కానీ నీకు తెలియాలి.

జెండా ఎక్కించిన మర్నాడు మీ బావ వచ్చాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, చుట్టం వచ్చినట్టు. జుట్టు నెరిసింది. లోపలికి రమ్మంటే వచ్చాడు. రొట్టె పెడితే తిన్నాడు. "కారం తగ్గలేదు నీ చేతికి" అని నవ్వించబోయాడు.

"చూశావా రొమానా," అన్నాడు, "నువ్వొక్క అడుగు కూడా వెయ్యకుండా మా దేశానికి తిరిగొచ్చేశావు."

ఎగతాళి కాదురా. ఎంత నెమ్మదిగా అన్నాడో! నేను కూడా ఏడుస్తూ నవ్వాను. ఇంక నది అడ్డు లేదు కదా, పెట్టె సర్దుకోనా అని అడుగుదామనే అనుకున్నాను. నోటి దాకా వచ్చింది. అప్పుడు ఆయన టోపీ తిప్పుకుంటూ చెప్పాడు.

"ఇంట్లో మనిషి ఉంది. రెండేళ్ళయింది. ఒక పాప కూడా. వేరేవాళ్ళ నోట వింటే బాగుండదని నేనే వచ్చాను."

దేశం కోసం మొగుణ్ణి వదిలాను. ఆ దేశం నన్ను వదిలేసింది. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. ఆయన వెళ్తూ శ్మశానం వైపు తిరిగి, నాన్న దగ్గర కాసేపు మోకాళ్ళ మీద నిలబడ్డాడు. "మావయ్య దుప్పటి ఇంకా ఉండుంటుందా?" అని అడిగాడు. పార పట్టి తవ్వింది ఆయనే కాబట్టి ఆ మాట అడిగే హక్కు ఆయనకుంది.

వీళ్ళ మట్టిలో వదలనని నాన్నకి ఒట్టేశాను. ఆ మట్టే కాళ్ళొచ్చినట్టు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. ఇప్పుడు ఏం చెయ్యమంటావు? మళ్ళీ తవ్వనా? తవ్వడానికి ఎవరున్నారు? తవ్వి ఎక్కడికి మొయ్యను? ఎల్ పాసోకా? అక్కడ పటం సరిగ్గానే ఉందా, మీ కచేరీలో అడిగి చెప్పు.

నాన్న ఒట్టు చనిపోయేదాకా పాడవలేదు. నువ్వు నీది తీసి గట్టున పెట్టావు. ఏ గట్టునో కూడా చెప్పలేదు.

రొమానా


మెక్సికో నగరం
1855, ఫిబ్రవరి

అక్కా,

తిట్టు. ఇంకా తిట్టు. నేనే రాశాను. ఆ కాగితంలో మెసిల్యా అన్న మాట వచ్చినచోట నా కలం ఆగలేదు. ఆగితే ఉద్యోగం పోతుంది, కాగితం ఆగదు. నీకు ముందుగా తెలిసినా నువ్వేం చెయ్యగలవులే అనుకున్నాను. ముందే తెలిస్తే నువ్వే వెళ్ళి బావని అడిగేదానివని, ఇన్నాళ్ళూ ఆశగా ఎదురుచూసి ఉండేదానివి కాదని అప్పుడు తోచలేదు.

ఒక్కటి విను, ఇది నిజం. పాత ఒప్పందంలోని గడువే దీంట్లోనూ ఉంది. మొన్న జూన్ నెలాఖరు నుంచి ఏడాది. ఈ జూన్ లోపు అధికారి దగ్గరికెళ్ళి మెక్సికో దానినని చెప్పు. ఇదివరకు నవ్వితే నవ్వారు, మళ్ళీ వెళ్ళు. ఎల్ పాసో నదికి దక్షిణాన ఉంది, అది మనదే, ఈసారి నేను పటం కళ్ళారా చూశాను. నాన్నని తీసుకుని వచ్చెయ్. ఈసారి నేనొస్తాను. నేనే తవ్వుతాను. దుప్పటి నేను తెస్తాను.

నోరు మూసుకుని కూర్చోకు. జూన్ దాటితే ఇక ఎవరూ అడగరు. జవాబు వచ్చిన మరుక్షణం బయల్దేరతాను.

సిప్రియానో


మెక్సికో నగరం
1855, జూన్

అక్కా,

జవాబు లేదు. ఉత్తరం దారిలో పోయిందేమోనని అదే మళ్ళీ రాసి ఇంకొక బిడారుతో పంపాను. గడువు ఈ నెలాఖరుకి తీరుతుంది. ఉత్తరం రాయకపోయినా ఫరవాలేదు. అధికారి దగ్గరికి వెళ్ళావని ఎవరి నోటనైనా చెప్పించు.

సిప్రియానో


మెక్సికో నగరం
1856, మార్చి

అక్కా,

కంచరగాడిదల వాళ్ళని అడిగాను. మెసిల్యాలో రొమానా అనే ఆవిడ ఉందిట, మేకలు ఉన్నాయిట, ఆదివారం పూజకి వస్తుందిట. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదుట. అధికారి దగ్గరికి నువ్వు వెళ్ళలేదుట. అంటే ఇప్పుడు నువ్వు వాళ్ళ మనిషివి. బావ ఎలా అయ్యాడో నువ్వూ అలాగే అయ్యావు, ఊరుకుని. నా విషయంలో కూడా అలాగే ఊరుకున్నావు.

ఇక్కడ ఆ అధ్యక్షుడు పారిపోయాడు. గంటలు మోగాయి. కొత్త రాజ్యాంగం రాయడానికి మళ్ళీ సభ పిలిచారు. నా దస్తూరీ బాగుంటుందని నన్ను మళ్ళీ రాతపనికి తీసుకున్నారు. నిన్న మొదటి కాగితం నకలు చేశాను. అయిపోయాక ఊరూరా ఒట్లు వేయిస్తారు. నాన్న ఉంటే అడిగేవాడు, ఇది ఎన్నోదిరా అని.

నన్ను క్షమించమని అడగడం లేదు. రమ్మనడం లేదు. నాన్నని అక్కడే ఉండనీ. ఒక్క కాగితం ముక్క పంపు చాలు. దాంట్లో ఇంకేమీ రాయక్కర్లేదు. 'ఇక్కడ అందరం క్షేమం' అని రాయి. అది అబద్ధమని నాకు తెలుసు. అయినా రాయి.

సిప్రియానో